తాళం తిప్పగానే బండి ఏం చెప్పింది?

(విజయవాడలో మోటార్ మెకానిక్ ట్రేడ్ విద్యార్థుల ముందు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

మొన్న వేసవిలో ఒక టీచరుగారి కారు నా షెడ్డుకు వచ్చింది. పెట్రోల్ బండి, ఏడేళ్ల వయసు. పొద్దున్నే తాళం తిప్పితే "టక్" అని ఒక్క శబ్దం, అంతే. మీటరు బోర్డులో లైట్లు వెలుగుతాయి, హారన్ బాగానే మోగుతుంది, సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు, మాత్రం తిరగదు. ఐదారుసార్లు కొడితే ఎప్పుడో ఒకసారి అందుకుంటుంది. నా దగ్గరికి వచ్చేలోపే ఆవిడ కొత్త బ్యాటరీ వేయించారు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పించి కార్బన్ బ్రష్షులు, బుష్షులు మార్పించారు. వారం గడిచింది, మళ్లీ అదే కథ. మూడోసారి ఇంకెవరో ఇగ్నీషన్ స్విచ్ మార్చాలన్నారట. అప్పటికే 12 వేలు ఖర్చయ్యాయి.

నేను చేసింది చెప్తాను, శ్రద్ధగా వినండి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాను. నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద గట్టిగా ఆనించాను. పైన బిగించిన క్లాంపు మీద కాదు, దాని మధ్యలో కనపడే సీసపు పోస్టు మీదే. ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ మీద తుప్పు లేని ఒక బోల్టుకు ఆనించి, మా కుర్రాణ్ని తాళం తిప్పమన్నాను. టక్. మీటరులో 5.8. అంటే బ్యాటరీకి, ఇంజిన్‌కు మధ్య దారిలోనే అన్ని వోల్టులు పోతున్నాయి.

అక్కడ ఉండాల్సింది 0.2. మహా అయితే 0.3.

కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే ఎర్త్ కేబుల్ ఒకచోట బాడీకి బోల్టుతో బిగిస్తారు. ఆ బండిలో అదే బోల్టు నుంచి ఇంకో పట్టీ గేర్‌బాక్స్‌కు వెళ్తుంది. ఆ బోల్టు మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. విప్పి చూస్తే లగ్గు, అంటే కేబుల్ చివరి రింగు, అడుగున ఎర్రగా తుప్పు, దాని కింద పెయింటు పొర. ఎప్పుడో ఆ మూలలో డెంటింగ్, పెయింటింగ్ చేసినప్పుడు పెయింటు గీకకుండానే బోల్టు బిగించేశారు. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, లగ్గు శుభ్రం చేసి, బిగించి మళ్లీ కొలిచాను. 0.15. సెల్ఫ్ ఒక్క దెబ్బకు తిరిగింది. మొత్తం అరగంట పని.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయిన డబ్బు గురించి కాదు. నెల రోజులుగా ఏ సందులో ఆగిపోతుందో, ఎవరిని తోయమని అడగాలో అన్న టెన్షన్‌తో బతికానండీ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఎందుకంటే నా తొలి రోజుల్లో నేనూ అలాగే చేశాను. అనుమానం వచ్చిన సామాను మార్చడం, తగ్గకపోతే ఇంకోటి మార్చడం. కస్టమరు డబ్బుతో మనం ఊహలు పరీక్షించుకోవడం అది. మీరు అలా చేయకూడదని చెప్పడానికే ఈ పూట వచ్చాను.

ఇప్పుడు ఒక ప్రశ్న. అంత చెడ్డ ఎర్త్‌తో లైట్లు ఎలా వెలిగాయి? హారన్ ఎలా మోగింది?

మీకు ఓమ్ సూత్రం చెప్పే ఉంటారు: వోల్టేజీ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్సు. పరీక్ష కోసం చదివి వదిలేయకండి, మన కూడు అందులోనే ఉంది. ఆ తుప్పు పట్టిన జాయింటు రెసిస్టెన్సు ఓమ్‌లో ఇరవయ్యో వంతు, అంటే 0.05 అనుకుందాం. చిన్న బల్బు తీసుకునే కరెంటు అర ఆంపియరు. 0.05ను అరతో గుణిస్తే ఎంత? 0.025 వోల్టు. బల్బుకు తెలియనే తెలియదు. అదే జాయింటులోంచి సెల్ఫ్‌కు 100 ఆంపియర్లు పోవాలి. 0.05 ఇంటూ 100, ఐదు వోల్టులు. పన్నెండులో ఐదు ఆ బోల్టు దగ్గరే వేడిగా మారిపోతే మోటారుకు మిగిలేదెంత? అందుకే "లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది, వైరింగ్ బాగానే ఉంది" అన్న మాట మన వృత్తిలో పెద్ద అబద్ధం. లైటు వెలిగిందా అని కాదు, సెల్ఫ్ కొట్టినప్పుడు లైటు ఏమైంది అని చూడాలి. హెడ్‌లైట్ వేసి తాళం తిప్పండి. లైటు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీలో శక్తి లేదు, లేదా టెర్మినల్, ఎర్త్ దగ్గర దారి మూసుకుపోయింది. లైటు ఏమీ మారకుండా అలాగే ఉంటే సెల్ఫ్ మోటారు కరెంటు లాగనే లేదు. ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు.

బండి స్టార్ట్ అవ్వడం లేదని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఒకటే: "సెల్ఫ్ తిరుగుతోందా అండీ?" చాలామందికి ఆ తేడా తెలియదు. అప్పుడు ఫోన్ బానెట్ దగ్గర పెట్టి తాళం తిప్పమంటాను. సగం రోగం ఫోన్‌లోనే తెలిసిపోతుంది. "టకటకటక" అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్, సొలనాయిడ్, అతుక్కుంటుంది, మోటారు కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోయి వదిలేస్తుంది, వోల్టేజీ లేచి మళ్లీ అతుక్కుంటుంది. ఆ కొట్టుకోవడమే ఆ శబ్దం. ఒక్క "టక్" అని ఆగితే సొలనాయిడ్ కాంటాక్టులు, కార్బన్లు, లేదా ఇందాక చెప్పిన ఎర్త్ లాంటిది. మోటారు ఒక్కటే "గుయ్య్" మని ఒట్టిగా తిరిగి ఇంజిన్ కదలకపోతే సెల్ఫ్ చివరి చిన్న పళ్ల చక్రం, పినియన్, ఇంజిన్ పెద్ద చక్రమైన ఫ్లైవీల్ పళ్లను పట్టుకోవడం లేదు. సెల్ఫ్ మామూలు కంటే చురుగ్గా, ఎక్కడా ఊపిరి బిగపట్టకుండా ఒకే రాగంలో తిరిగిందంటే నాకు గుండె దడ పుడుతుంది. కంప్రెషన్ లేదన్నమాట, అంటే సిలిండరులో గాలి నొక్కుకోవడం లేదు. ఇంజిన్ వాల్వులను వేళకు నడిపే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. అక్కడ ఇంకోసారి తాళం తిప్పకూడదు.

మా నాన్నగారు అంబాసిడర్ నడిపేవారు. దానికి ముందు నుంచి పెట్టి తిప్పే హ్యాండిల్ ఉండేది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ వేయకూడదురా, నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి, ఇంజిన్ ఎదురు తన్నిందంటే వేలో మణికట్టో విరుగుతుందని చెప్పేవారు. 1912లో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ చేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చేదాకా ప్రపంచమంతా దాదాపు అలాగే తిప్పేది. హ్యాండిల్ తిప్పినవాడికి ఏ సిలిండరులో కంప్రెషన్ ఉందో, ఎక్కడ లేదో చేతికి తెలిసేది. ఆ జ్ఞానం ఇప్పుడు మనం చెవితో తెచ్చుకోవాలి. ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు సెల్ఫ్ శబ్దం ఎలా ఉంటుందో రోజూ వినండి. బాగున్న బండిని విననివాడికి బాగాలేని బండి అర్థం కాదు.

బ్యాటరీ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే నా షెడ్డుకు వచ్చే స్టార్టింగ్ కేసుల్లో ఎక్కువ అక్కడే తేలతాయి. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. పూర్తి ఛార్జింగ్‌తో ఉంటే 12.6 చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 11.9 అంటే అయిపోయినట్టే. సరిగ్గా 10.5 దగ్గర చూపిస్తూ ఎంత ఛార్జింగ్ పెట్టినా పెరగకపోతే ఒక సెల్ పోయిందని అనుమానించండి. బండి అప్పుడే నడిచి వచ్చి ఉంటే పైపై ఛార్జింగ్ మోసం చేస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్ వేసి, ఆపి, అప్పుడు కొలవండి. అయినా నిలకడగా ఉన్న వోల్టేజీని ఒక్కదాన్నే నమ్మకండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కొలవండి. మన వాతావరణంలో అది 9.6 కంటే కిందికి పోకూడదు. 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కు పడిపోయే బ్యాటరీలు నేను ఎన్నో చూశాను. బ్యాటరీ పైన ఛార్జింగ్ చూపించే పచ్చ కన్ను కూడా ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెప్తుంది.

బ్యాటరీ చలికి చస్తుందని పుస్తకాల్లో రాస్తారు. మన దగ్గర చంపేది ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఒక మోటు లెక్క. మేలో బెజవాడ ఎండలో నిలిపిన బండి బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించండి. మూడేళ్లు దాటిన బ్యాటరీని వేసవి అయ్యాక ఒకసారి పరీక్షించండి అని కస్టమర్లకు చెప్పండి. ఎండాకాలంలో తిన్న దెబ్బ డిసెంబరు పొద్దున బయటపడుతుంది.

కొత్త బ్యాటరీ కూడా రాత్రికి రాత్రి దిగిపోతోందంటే రెండు చూడాలి. ఒకటి, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే డైనమో ఛార్జింగ్ ఎక్కిస్తోందా? ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కాబట్టి తక్కువ చూపించగానే డైనమో విప్పేయకండి, హెడ్‌లైటు, ఏసీ వేసి మళ్లీ చూడండి. రెండోది, బండి తాళం వేసి ఉన్నప్పుడు ఎవరో కరెంటు తాగుతున్నారు. మామూలుగా ఇది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఆ లెక్కన 45 ఏహెచ్ బ్యాటరీ, అంటే ఒక ఆంపియరు చొప్పున 45 గంటలు ఇచ్చేది, ఖాళీ కావడానికి నెల దాటుతుంది. అదే అర ఆంపియరు తాగే డిక్కీ లైటు ఆరకపోతే నాలుగు రోజుల్లో, బయట బిగించిన మ్యూజిక్ సిస్టమో డ్యాష్‌క్యామో ఒక ఆంపియరు లాగితే రెండు రోజుల్లో అయిపోతుంది. కొలిచేటప్పుడు తొందరపడకండి. తలుపులు వేశాక కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఆ అరగంట ఓపిక లేక మంచి బండ్లకు రోగాలు అంటగట్టినవాళ్లున్నారు.

ఇక తాళం తిప్పితే అసలు చప్పుడే లేని బండి. ఇక్కడ ముందు బండి నిబంధనలు గుర్తు చేసుకోండి. చాలా కొత్త బండ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. కింద మ్యాట్ జరిగి పెడల్‌కు అడ్డుపడితే క్లచ్ స్విచ్ కలవదు, బండి చచ్చినట్టు ఉంటుంది. ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కాలి, గేరు పీలోనో ఎన్‌లోనో ఉండాలి. బటన్ బండిలో రిమోట్ లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కితే చాలా బండ్లు స్టార్ట్ అవుతాయి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక సొలనాయిడ్ సన్న వైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టండి. తాళం తిప్పినప్పుడు వెలిగితే తప్పు సెల్ఫ్‌ది. వెలగకపోతే రిలే, ఫ్యూజు, స్విచ్ వైపు వెనక్కి నడుచుకుంటూ వెళ్లండి. ఎలక్ట్రిక్ కార్లకు సెల్ఫ్ లేదు కదా అనుకోకండి. వాటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోతే కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చాలా బండ్లు లేవవు.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఇది వేరే లోకం. తాళం ఆన్ చేసి తిప్పకుండా ఆపండి. అందర్నీ మాట్లాడకుండా ఉండమనండి. పెట్రోల్ బండి అయితే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా "జీ" మని పంపు వినపడాలి. వినపడకపోతే ఫ్యూజు, రిలే చూసి, పంపు సాకెట్ దగ్గర కరెంటు వస్తోందా చూడండి. వస్తోందంటే, ఎర్త్ కూడా బాగుంటే, పంపు పోయింది. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడుతూ సెల్ఫ్ కొడితే ఒక్కోసారి కదులుతుంది, ఇంటికి చేరడానికి పనికొస్తుంది. సీఎన్‌జీ బండ్లలో ఇంకో సంగతి: చాలా బండ్లు పెట్రోల్ మీద స్టార్ట్ అయి తర్వాత గ్యాస్‌కు మారతాయి. గ్యాస్ నిండుగా ఉందని పెట్రోల్ పోయించడం మానేసిన బండి స్టార్ట్ అవ్వదు. అడగడానికి మొహమాటపడకండి, పెట్రోల్ ఉందా అని అడగండి.

మీటరు బోర్డులో తాళం గుర్తో, కారు మీద తాళం గుర్తో వేగంగా మెరుస్తుంటే దొంగతనం ఆపడానికి పెట్టిన ఇమ్మొబిలైజర్ తాళంచెవిని గుర్తుపట్టలేదు. ఆ తాళంచెవిలో చిప్ ఉంటుంది. ఇంకో తాళంచెవితో ప్రయత్నించమనండి.

ఒక ట్యాక్సీ అబ్బాయి కేసు చెప్తాను. హైవే మీద గంటసేపు బాగా నడిచిన బండి, టీకి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. అరగంట ఆగితే అవుతుంది. షెడ్డుకు తెస్తే అంతా బాగుంటుంది. రెండు చోట్ల పంపు మార్చాలన్నారట. నేను ఆ అబ్బాయితోనే గొల్లపూడి దాటి ఒక రౌండు తిరిగి వచ్చి, బండి ఆపి, వేడి మీదే సెల్ఫ్ కొట్టమన్నాను. ఆర్‌పీఎం ముల్లు చూశాను. సెల్ఫ్ తిరుగుతుంటే ఆ ముల్లు కొంచెమైనా లేవాలి. అది సున్నా మీద నుంచి కదల్లేదు. ఇంజిన్ తిరుగుతున్నట్టు కంప్యూటరుకు తెలియడం లేదన్నమాట. ఆ సంగతి కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగాను. స్టార్ట్ అయింది. వేడెక్కితే సెన్సార్ లోపలి తీగ చుట్ట తెగిపోవడం, చల్లారితే కలవడం. రోగం ఉన్న సమయంలోనే రోగిని చూడాలి.

బండి కంప్యూటరులోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ గురించి మీరు అడుగుతారని తెలుసు. నేనూ వాడతాను. కానీ స్కానర్‌లో పీ0335 అనే కోడ్ వచ్చిందంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. సెన్సార్ పోయిందని కాదు. వైరు తెగినా, సాకెట్‌లో నీళ్లు దిగినా అదే కోడ్. ఆ వైరును ఎలుక కొరికినా అదే. నవ్వకండి, ఊరి చివర అపార్టుమెంట్ల బండ్లలో ఎలుకలు చేసే నష్టం చాలా ఎక్కువ. బానెట్ ఎత్తగానే వాసన, బ్యాటరీ ట్రేలో గింజల పొట్టు, చిన్న గుడ్డ పీలికలు కనపడితే ముందు వైరింగ్ తడిమి చూడండి.

డీజిల్ బండి ఫిల్టర్ మార్చిన మర్నాడు స్టార్ట్ కాలేదంటే ఎయిర్ పట్టింది, పంపు కొట్టి గాలి తీయండి. కామన్ రైల్ బండిలో, డీజిల్‌ను అన్ని నాజిళ్లకూ పంచే రైల్ గొట్టంలో సుమారు 200 బార్ ప్రెషర్ లేవకపోతే కంప్యూటర్ నాజిల్ తెరవదు. ఇది మీ రెండో ఏడాది పాఠం, నేను దాటేస్తాను.

ఒక్క విషయం మాత్రం దాటలేను. 2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. మీలో కొందరి ఇళ్లు కూడా అక్కడే. నీళ్లు తీశాక జనం ముందు చేసిన పని బురదలో ఉన్న కారు తలుపు తీసి తాళం తిప్పడం. పాపం, ప్రాణం ఆగదు కదా, నా బండి బతికే ఉందా అని. ఆ ఒక్క తిప్పుతో ఎన్ని ఇంజిన్లు పోయాయో నా కళ్లతో చూశాను. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. సిలిండరులో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నేను విప్పిన ఒక ఇంజిన్‌లో రాడ్ వంకర తిరిగిన విల్లులా ఉంది. అది ఒక రిటైర్డు ఉద్యోగిది, పీఎఫ్ డబ్బుతో కొన్నారు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేని బీమా పాలసీలో ఇలాంటి నష్టానికి సాధారణంగా డబ్బు రాదు.

కాబట్టి నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చిన బండికి తాళం ముట్టుకోవద్దని మీ వీధిలో అందరికీ చెప్పండి. ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూడాలి. ఇంజిన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు దిగాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ను స్పానర్‌తో చేత్తో తిప్పితే నీళ్లు ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముతాయి. ఆయిల్, ఫిల్టర్ మార్చాకే సెల్ఫ్. ఓపిక పట్టి ఇలా చేసిన బండ్లు ఈ రోజుకీ తిరుగుతున్నాయి.

చివరగా జంపర్ వైర్లు, ఎందుకంటే రేపటి నుంచే మీరు వాడతారు. ఎర్ర క్లిప్పు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి నల్ల క్లిప్పు దిగిపోయిన బ్యాటరీకి పెట్టకండి. దూరంగా ఇంజిన్ మీద గట్టి ఇనుముకు పెట్టండి. ఆఖరి క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. పేలితే యాసిడ్ ముఖం మీదికే వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమోను పరీక్షించే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దానివల్ల వోల్టేజీ ఒక్కసారి ఎగిరి కంప్యూటర్లు కాలిపోవచ్చు. దయచేసి ఎవరు చెప్పినా చేయకండి.

మాటలు చాలు. బయట వేపచెట్టు కింద నా బండి ఉంది. పొద్దున వచ్చేటప్పుడు బాగానే వచ్చింది, తర్వాత దాంట్లో ఒక తేడా పెట్టాను. ఇద్దరిద్దరు ఒక జట్టుగా రండి, జట్టుకొక మల్టీమీటర్ ఇస్తాను. నేను మూడుసార్లు తాళం తిప్పుతాను. ఆ మూడుసార్లూ ఎవరూ మాట్లాడకండి, బానెట్ ముట్టుకోకండి. ఏం వినపడిందో, హెడ్‌లైటు ఏమైందో కాగితం మీద రాశాకే స్పానర్ తీయండి.